న్యూయార్క్ నుంచి కామాఠీ బాగ్ దాకా

1913 జులైలో ఇరవై రెండేళ్ల భీమ్‌రావ్ అంబేద్కర్ న్యూయార్క్ చేరారు. తండ్రి రాంజీ సక్పాల్ చనిపోయి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఇంటి దగ్గర భార్య రమాబాయి, నెలల పిల్లవాడు యశ్వంత్ ఉన్నారు. ఆయనకున్న ఆధారం బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ ఇచ్చిన స్కాలర్‌షిప్ ఒక్కటే. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడేళ్లు. బదులుగా చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో ఉద్యోగం చేస్తానని ఒప్పందం మీద సంతకం పెట్టి ఓడెక్కారు.

బాబాసాహెబ్ విదేశీ చదువు అనగానే మనం డిగ్రీల జాబితా చెప్పుకుంటాం. ఎం.ఏ., పీహెచ్‌డీ, డీఎస్సీ, బారిస్టర్. ఆ జాబితా మనకు గర్వకారణమే, సందేహం లేదు. కానీ ఏ డిగ్రీ చేతికి రాకముందే ఆ నేల ఆయనకు ఇంకొకటి ఇచ్చింది. దాని గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం.

చిన్నప్పుడు బడిలో ఆయన ఇంటినుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా కూర్చున్నారు. ప్యూన్ వచ్చి కుళాయి తిప్పితే తప్ప దాహం తీరేది కాదు. అదే మనిషి కొలంబియా యూనివర్సిటీ హాస్టల్లో అందరితో కలిసి ఉన్నారు, అందరూ కూర్చునే బల్ల దగ్గర తిన్నారు. నావల్ భథేనా అనే పార్సీ విద్యార్థి అక్కడ గదిలో తోడు దొరికి, జీవితాంతం స్నేహితుడిగా మిగిలారు. విదేశాల్లో గడిపిన ఆ ఏళ్లలో తాను అంటరానివాడిననే స్పృహే మనసులోంచి చెరిగిపోయిందని బాబాసాహెబ్ తర్వాత రాసుకున్నారు. మనిషిగా బతకడం ఎలా ఉంటుందో ఒంటికి తెలిసింది. ఆ అనుభవమే ఆయన చేతికి కొలబద్ద అయింది.

అలాగని అమెరికా మచ్చలేని నేలేం కాదు. అక్కడి నల్లజాతి ప్రజలు అప్పుడు వివక్ష కిందే నలుగుతున్నారు. ఆ పోలికను ఆయన మరిచిపోలేదు. 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఈ.బీ. డుబాయిస్‌కు స్వయంగా ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లు ఇస్తున్న వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు.

కొలంబియాలో ఆయన ఆకలిగొన్నవాడిలా చదివారు. ప్రధానంగా ఆర్థికశాస్త్రం, దానితోపాటు చరిత్ర, సామాజికశాస్త్రం, తత్వశాస్త్రం, మానవశాస్త్రం. సెలిగ్మన్ దగ్గర ప్రభుత్వాల ఆదాయవ్యయాల లెక్క నేర్చుకున్నారు. జాన్ డ్యూయీ దగ్గర ప్రజాస్వామ్యమంటే ఓట్ల లెక్క మాత్రమే కాదనీ, మనుషులు కలిసి బతికే పద్ధతి అనీ గ్రహించారు. తిండి ఖర్చు తగ్గించుకుని పాత పుస్తకాలు కొన్నారు. ఆడపిల్లల్ని కూడా మగపిల్లలతో సమానంగా చదివిస్తేనే మన జనం త్వరగా ముందుకొస్తారని తండ్రి స్నేహితుడికి ఉత్తరం రాసింది అక్కడినుంచే.

1915లో ఎం.ఏ. పూర్తయింది. 1916 మే 9న ప్రొఫెసర్ గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులం మీద పత్రం చదివారు. తన కులం బయట పెళ్లి చేసుకోకూడదన్న కట్టడే కులానికి ఆయువుపట్టు అని చెప్పారు. సతి, బలవంతపు వైధవ్యం, బాల్య వివాహం ఆ కట్టడిని కాపాడటానికి పుట్టినవేనని వివరించారు. అప్పటికి ఆయనకు పాతికేళ్లు. తననింతకాలం కుంగదీసిన దాన్ని విప్పి, అది ఎలా పనిచేస్తుందో చూపగల స్థితికి మూడేళ్లలో ఎదిగారు.

అక్కడినుంచి లండన్ వెళ్లి లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో, గ్రేస్ ఇన్‌లో చేరారు. స్కాలర్‌షిప్ గడువు ముగియడంతో 1917లో చదువు మధ్యలో ఆపి తిరిగి రావలసి వచ్చింది. ఒప్పందం ప్రకారం బరోడా వెళ్లారు. ఆ ఊళ్లో ఆయనకు అద్దెకు గది ఇచ్చేవాళ్లు లేరు. చివరికి పార్సీ పేరు చెప్పుకుని ఒక పార్సీ సత్రంలో దిగారు. చీకటి గదిలో, లాంతరు వెలుగులో పుస్తకాలతో ఒంటరిగా గడిపారు. పదకొండో రోజు ఉదయం కర్రలు పట్టుకుని పదిమందికి పైగా పార్సీలు వచ్చి, సాయంత్రానికల్లా ఖాళీ చేయాలన్నారు. ఒక హిందూ మిత్రుణ్ని, ఒక క్రైస్తవ మిత్రుణ్ని ఆశ్రయం అడిగారు. ఇద్దరూ ఏదో సాకు చెప్పారు. కొలంబియాలో చదివొచ్చిన ఆ మేధావి కామాఠీ బాగ్ తోటలో కూర్చుని, రాత్రి బొంబాయి రైలు కోసం ఎదురుచూశారు.

విదేశీ చదువుతో ఎదిగాడు అని మనం ఒక్క మాటలో తేల్చేస్తాం. ఎదిగిన మనిషిని నిలబడనివ్వని దేశం గురించి కూడా మాట్లాడాలి. డిగ్రీ కులాన్ని కడగదని బరోడా ఆయనకు నేర్పింది. న్యూయార్క్ చూడకపోయి ఉంటే ఆ అవమానం తలరాతగా కనిపించి ఉండేదేమో. చూశారు కాబట్టి, ఇది మనుషులు కట్టిన గోడ అని, కూల్చవచ్చని ఆయనకు తెలుసు.

ఆయన ఆగిపోలేదు. బొంబాయి సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతంలో కూడబెట్టారు. కొల్హాపూర్ శాహూ మహారాజ్ సాయం, భథేనా ఇచ్చిన అప్పు తోడయ్యాయి. 1920లో మళ్లీ లండన్ వెళ్లి, అర్ధాకలితో చదివి, రూపాయి సమస్య మీద పరిశోధనతో 1923లో డీఎస్సీ సాధించారు. 1927లో మహద్ చవదార్ చెరువు నీళ్లు తాగింది ఈ చదువుకున్న మనిషే. కొలంబియా పీహెచ్‌డీ పట్టా చేతికొచ్చిందీ ఆ ఏడాదే.

1952 జూన్ 5న గౌరవ డాక్టరేట్ అందుకోవడానికి రాజ్యాంగ నిర్మాతగా అదే ప్రాంగణంలో అడుగుపెట్టారు. గురువు డ్యూయీ అంతకు కొద్ది రోజుల ముందే కన్నుమూశారు.

ఈ రోజు తెలంగాణలో అంబేద్కర్ పేరుతో ఉన్న ఓవర్సీస్ విద్యానిధి సాయంతో మన పిల్లలు విమానమెక్కుతున్నారు. వాళ్ల సామాన్లతో పాటు అదే విమానంలో మరికొందరి కులమూ ప్రయాణిస్తోంది. కుల వివక్షను నిషేధిస్తూ 2023లో సియాటిల్ నగరం చట్టం చేయవలసి రావడమే దానికి సాక్ష్యం. అందుకే వెళ్లే పిల్లలకు మనం చెప్పవలసింది ఒకటే. పట్టా తెచ్చుకోండి, దానితోపాటు మనిషిగా బతికిన ఆ కొలబద్దనూ తెచ్చుకోండి. ఇక్కడి గోడల్ని కొలిచి చూడటానికి అది పనికొస్తుంది.