పాదరసం 30 డిగ్రీలు చల్లారితే నీళ్లు 20 డిగ్రీలే వేడెక్కాయి.. ఆ గుట్టు విప్పిన జోసెఫ్ బ్లాక్!

పదో తరగతి ఫిజిక్స్ ల్యాబ్‌లో ఈ ప్రయోగం చాలామంది చేసే ఉంటారు. సీసం గుళ్లను ఆవిరితో బాగా వేడి చేసి, కెలోరీమీటర్‌లోని చన్నీళ్లలో వేసి, కలిపి, థర్మామీటర్ చూడాలి. సీసం పోగొట్టుకున్న వేడి, నీళ్లకూ కెలోరీమీటర్‌కూ అందిన వేడి సమానం అని లెక్క రాస్తే సీసం విశిష్టోష్ణం వచ్చేస్తుంది. ఈ లెక్కకు దారి వేసిన మనిషి జోసెఫ్ బ్లాక్.

ఆయన 1728లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో పుట్టారు. తండ్రి బెల్‌ఫాస్ట్‌కు చెందిన వైన్ వ్యాపారి. బ్లాక్ చదివింది మాత్రం వైద్యం. 1754లో ఎడిన్‌బరోలో డాక్టర్ పట్టా కోసం చేసిన ప్రయోగాల్లోనే, ఇప్పుడు మనం కార్బన్ డయాక్సైడ్ అంటున్న వాయువును పట్టుకున్నారు. మామూలుగా అయితే ఒక జీవితానికి అదే చాలు. 1756లో గ్లాస్గో యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యాక ఆయన దృష్టి వేడి మీదకు మళ్లింది.

అప్పట్లో చాలామంది నమ్మకం ఒకటే. వస్తువు ఎంత బరువుంటే అంత వేడి పట్టుకుంటుందని. థర్మామీటర్‌తో పేరు తెచ్చుకున్న ఫారెన్‌హీట్ అంతకు ముందే చేసిన ఓ ప్రయోగం బ్లాక్ కంట పడింది. 100 డిగ్రీల నీళ్లలో అంతే కొలత గల 150 డిగ్రీల పాదరసం కలిపితే మధ్యలో, అంటే 125 దగ్గర ఆగాలి కదా? ఆగలేదు. 120 దగ్గరే ఆగింది (ఇవన్నీ ఫారెన్‌హీట్ డిగ్రీలే). పాదరసం 30 డిగ్రీలు పోగొట్టుకుంటే నీళ్లు పెరిగింది 20 డిగ్రీలే. పైగా పాదరసం నీళ్ల కంటే 13 రెట్లకు పైగా బరువు! అంత బరువున్నా నీళ్ల ముందు తేలిపోయింది.

ఆ అంకెలు అందరి ముందూ ఉన్నవే. కానీ 1760 ప్రాంతంలో వాటి అర్థం చెప్పింది బ్లాక్. వేడికి బరువుతోనో, పరిమాణంతోనో పని లేదు, ఒక్కో పదార్థానికి వేడిని పట్టుకునే సామర్థ్యం ఒక్కోలా ఉంటుందని తేల్చారు. థర్మామీటర్ చూపేది వేడి తీవ్రతే తప్ప ఎంత వేడి ఉందన్నది కాదని విడదీసి చెప్పారు. శిష్యుడు విలియం ఇర్విన్‌తో కలిసి వేర్వేరు పదార్థాల మీద ఇదే పద్ధతి పరీక్షించారు. మంచు కరిగేటప్పుడు వేడి అందుతూనే ఉన్నా థర్మామీటర్ ఎందుకు కదలదో కూడా వివరించారు. అదే గుప్తోష్ణం.

అదే యూనివర్సిటీలో పరికరాలు బాగుచేసే కుర్రాడు జేమ్స్ వాట్. న్యూకోమెన్ ఇంజిన్ నమూనాను రిపేర్ చేస్తూ, కొద్దిపాటి ఆవిరి అన్నేసి చన్నీళ్లను ఎలా మరిగిస్తోందో అర్థం కాక బ్లాక్ దగ్గరకు వెళ్లారు. కారణం విడమర్చి చెప్పడమే కాదు, తర్వాత వాట్‌కు డబ్బు సాయం కూడా చేశారు బ్లాక్. వాట్ ఇంజిన్ పూర్తిగా బ్లాక్ సిద్ధాంతం నుంచే పుట్టిందని కొందరు అంటారు గానీ, వాట్ మాత్రం దాన్ని ఒప్పుకోలేదు.

మరి ఇంత చేసిన మనిషి వేడి మీద ఒక్క పుస్తకమైనా అచ్చు వేయించలేదు. ఆరోగ్యం అంతంతమాత్రం, తొందరపడే స్వభావం కాదు. అంతా క్లాసులోనే చెప్పేవారు. 1766లో ఎడిన్‌బరో యూనివర్సిటీకి మారాక కూడా అదే తీరు. విద్యార్థులు రాసుకున్న నోట్సు చేతులు మారుతూ తిరిగేది. ఈలోగా స్వీడన్‌లో యోహాన్ విల్కే సొంతంగా ఇదే విషయం కనిపెట్టి 1781లో అచ్చు వేశారు. ప్యారిస్‌లో లవోయిజర్, లాప్లాస్ మంచుతో పనిచేసే కెలోరీమీటర్ తయారుచేసి 1783లో ఫలితాలు బయటపెట్టారు. ముందు ఎవరన్న వాదన రావడానికి కారణం సగం బ్లాక్ మౌనమే.

పెళ్లి చేసుకోలేదు. ఆడమ్ స్మిత్, డేవిడ్ హ్యూమ్ ఆయనకు దగ్గరి స్నేహితులు. 1799లో ఒళ్లో పాల గిన్నె పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉండగానే ప్రాణం పోయిందని, చుక్క కూడా ఒలకలేదని స్నేహితులు చెప్పుకున్నారు. ఆయన పాఠాలను జాన్ రాబిసన్ పుస్తకంగా తెచ్చింది 1803లో. పాదరసం లెక్క క్లాసులో చెప్పిన 40 ఏళ్లకు.