తుంగభద్ర జలాశయ రూపశిల్పుల్లో అగ్రగణ్యులు నవాబ్ అలీ నవాజ్ జంగ్

హైదరాబాదు సంస్థాన నీటిపారుదల చరిత్రలో చిరస్థాయిగా నిలిచిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ 1877 జులై 11న హైదరాబాదులో జన్మించారు. ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. ప్రభుత్వ ఉపకార వేతనంపై ఇంగ్లండులోని కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో విద్యనభ్యసించి, 1899లో సంస్థాన ప్రజాపనుల శాఖలో చేరి, చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగారు. 1908 మూసీ వరదల దరిమిలా మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల ఫలితమైన హిమాయత్ సాగర్, మంజీరా నదిపై 1931లో పూర్తయిన నిజాంసాగర్, ఖమ్మం ప్రాంతపు వైరా, పాలేరు జలాశయాలు ఆయన హయాంలోని నిర్మాణాలే.

అయితే ఆయన దక్షతకు అసలైన పరీక్ష తుంగభద్ర. ఆనకట్ట స్థలం వద్ద నదికి ఎడమ గట్టు నిజాం సంస్థానానిది, కుడి గట్టు మద్రాసు రాష్ట్రానిది. కరవు పీడిత రాయలసీమకు ఈ నీటిని మళ్లించాలన్న ఆలోచన 1860లో సర్ ఆర్థర్ కాటన్ నాటిదే అయినా, ఎవరి వాటా ఎంతన్నది తేలక దశాబ్దాలు గడిచిపోయాయి. ఉద్యోగ విరమణానంతరమూ సంస్థానానికి సలహాదారుగా కొనసాగిన అలీ నవాజ్ జంగ్ పొరుగు రాష్ట్రాలతో జరిగిన జల సంప్రదింపులలో కీలకపాత్ర వహించారు. 1944 జూన్‌లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఉభయ ప్రభుత్వాలూ చెరి 65 టి.ఎం.సి.ల నీటిని వినియోగించుకోవాలని నిర్ణయమైంది. 1945 ఫిబ్రవరి 28న రెండు గట్లపైనా శంకుస్థాపన జరిగింది. 1953లో జలాశయం నిండింది గాని, 1949లోనే కన్నుమూసిన ఆయన ఆ దృశ్యాన్ని చూడలేకపోయారు.

చెరిసగం పంచుకున్న నీటికి లెక్క ఒక్కటే ఉండాలి. అందుకే 1953లో ఆంధ్ర రాష్ట్ర చట్టం కింద తుంగభద్ర బోర్డు ఏర్పాటైంది. పూర్తి నీటిమట్టం 1,633 అడుగులు. ఆ కొలబద్దపై నమోదయ్యే మట్టం, చేరే ప్రవాహం, కాలువలకు వదిలే నీరు ఏ రోజుకారోజు లెక్కగట్టి రాష్ట్రాలకు తెలియజేయడం బోర్డు బాధ్యత. 2014 నుంచి కర్ణాటక, ఆంధ్రప్రదేశ్‌లతోపాటు తెలంగాణ కూడా ఈ లెక్కలో భాగస్వామి. దిగువన రాజోలిబండ మళ్లింపు పథకం కింద తెలంగాణకు 15.9 టి.ఎం.సి.ల కేటాయింపు ఉంది.

కొలబద్ద మారలేదు గాని, దాని అర్థం మారింది. తొలినాళ్లలో అదే మట్టానికి సుమారు 133 టి.ఎం.సి.లు నిలిచే జలాశయంలో పూడిక కారణంగా 2016 సర్వే నాటికి 105.788 టి.ఎం.సి.లే మిగిలాయి. తగ్గిన ప్రతి టి.ఎం.సి. అన్ని రాష్ట్రాల వాటాల నుంచీ కోత పడేదే. ఆనకట్టకున్న 33 గేట్లలో 19వది 2024 ఆగస్టు 10 రాత్రి గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు, తాత్కాలిక స్టాప్‌లాగ్ గేటు అమర్చే వరకు విలువైన నీరు దిగువకు పోయింది.

ఆయన జన్మదినమైన జులై 11ను తెలంగాణ ప్రభుత్వం 2014లో ఇంజనీర్ల దినోత్సవంగా ప్రకటించింది.