ఆలస్యంగా అందిన ఉత్తరం, చుక్కా గీతల భాష: శామ్యూల్ మోర్స్ జీవితం

సెల్‌ఫోన్లు రాకముందు, నూజివీడు మామిడి తోటల వైపు ఉండే ఉంగుటూరు లాంటి ఊళ్లలో టెలిగ్రాం వచ్చిందంటే ఇంటిల్లిపాదికీ గుండె ఝల్లుమనేది. సంతోషపు కబుర్లు ఉత్తరాల్లో తీరిగ్గా వచ్చేవి. తార్ వచ్చిందంటే ఎక్కువసార్లు అది చావు కబురో, ఆసుపత్రి కబురో అయి ఉండేది. బతుకుతెరువు కోసం దూరం పోయిన కొడుక్కి తండ్రి ఇంతెకాల్ అయిన సంగతి జనాజా లేచేలోపు అందుతుందా లేదా అన్నది ఆ చిన్న కాగితం మీదే ఆధారపడేది. అందితే చివరి చూపు దక్కేది. అందకపోతే ఖబరిస్తాన్‌లో మట్టి మాత్రమే మిగిలేది.

ఆ కబుర్లను తీగల మీద నడిపించిన చుక్కా గీతల భాషకు మనం మోర్స్ కోడ్ అని పేరు పెట్టుకున్నాం. ఆ పేరు గల మనిషి శామ్యూల్ మోర్స్. ఆయన చనిపోయి 150 ఏళ్లు దాటింది. మన దేశంలో టెలిగ్రాం సేవ కూడా 2013 జూలైలో ఆగిపోయింది. అయినా ఆ భాష మీద ఒక వాదన మాత్రం ఆగలేదు. హ్యామ్ రేడియో, అంటే వ్యాపారం కోసం కాకుండా సొంత ఆసక్తితో, ప్రభుత్వ లైసెన్సుతో రేడియో నడిపేవాళ్ల ప్రపంచంలో, మోర్స్ కోడ్ రానివాడిని పూర్తి ఆపరేటరుగా ఒప్పుకోవాలా వద్దా అన్నదే ఆ వాదన. దానికి జవాబు వెతకాలంటే ముందు ఆ మనిషి కథ తెలుసుకోవాలి.

బొమ్మలు గీసే మనిషి

మోర్స్ సైంటిస్టు కాదు. ఆయన చిత్రకారుడు. 1791 ఏప్రిల్ 27న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, చార్లెస్‌టౌన్‌లో పుట్టాడు. తండ్రి జెడిడయా మోర్స్ చర్చి పాస్టరు. భూగోళ శాస్త్రం పాఠ్యపుస్తకాలు రాసి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. కొడుకు యేల్ కాలేజీలో చదివి 1810లో బయటికొచ్చాడు, కానీ మనసంతా రంగుల మీదే. మరుసటి ఏడాది ఇంగ్లండు వెళ్లి లండన్‌లోని రాయల్ అకాడమీలో బొమ్మలు నేర్చుకున్నాడు. 1815లో తిరిగొచ్చాక పెద్ద పెద్ద చారిత్రక చిత్రాలు గీయాలని ఆశపడ్డాడు గానీ, కడుపు నింపింది మాత్రం ఊరూరా తిరిగి గీసిన ముఖచిత్రాలే. 1818లో లుక్రీషియా వాకర్‌ను పెళ్లి చేసుకున్నాడు.

1825 ఫిబ్రవరిలో ఆయన వాషింగ్టన్‌లో ఉన్నాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఫ్రెంచి వీరుడు లాఫయెట్ బొమ్మ గీసే పని న్యూయార్క్ నగరం ఆయనకు అప్పజెప్పింది. ఇన్నాళ్లకు పేరూ డబ్బూ రెండూ తెచ్చే పని దొరికింది. ఇంటి దగ్గర, న్యూహేవెన్‌లో, లుక్రీషియా నెల క్రితమే మూడో బిడ్డను కన్నది. ఫిబ్రవరి 7న ఆమె ఉన్నట్టుండి చనిపోయింది. వయసు పాతికేళ్లు. ఆ సంగతి తెలియక ఆయన వాషింగ్టన్ నుంచి ఆమెకు ఉత్తరం కూడా రాశాడు. తండ్రి రాసిన కబురు గుర్రపు బండ్ల టపాలో వచ్చి కొన్ని రోజులకు ఆయన చేతికందింది. పని వదిలేసి బయల్దేరాడు. ఇల్లు చేరేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. భార్య ముఖం చివరిసారి చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది.

ఆ దుఃఖంలోంచే టెలిగ్రాఫ్ పుట్టిందని చాలామంది చెప్పుకుంటారు. కథగా వినడానికి బాగుంటుంది గానీ, టెలిగ్రాఫ్ ఆలోచన ఆయనకు వచ్చింది మరో ఏడేళ్ల తర్వాత. కబురు అందకపోతే మనిషికి ఏం పోతుందో మాత్రం ఆయన పుస్తకాల్లో చదివి తెలుసుకోలేదు. అది ఆయన స్వయంగా పడ్డ బాధ.

ఓడ ప్రయాణం, పేదరికం

1832 అక్టోబరులో యూరప్ నుంచి సల్లీ అనే ఓడలో తిరిగొస్తుంటే, భోజనాల దగ్గర చార్లెస్ జాక్సన్ అనే డాక్టరు విద్యుదయస్కాంతం గురించి మాట్లాడాడు. తీగ ఎంత పొడుగున్నా కరెంటు క్షణంలో అవతలికి చేరుతుందంటే, దానితో కబురు ఎందుకు పంపకూడదని మోర్స్‌కు తట్టింది. ఓడ దిగేలోపే నోటుపుస్తకంలో బొమ్మలు గీసుకున్నాడు. తర్వాత ఆ జాక్సనే ఆ ఆలోచన తనదని గొడవకొచ్చాడు. నిజానికి ఇది ఏ ఒక్కరి సొత్తూ కాదు. విద్యుదయస్కాంతం మీద అసలైన పరిశోధన జోసెఫ్ హెన్రీది. ఆ విద్యను మోర్స్ యంత్రానికి పట్టించింది న్యూయార్క్ యూనివర్సిటీలో ఆయన తోటి ప్రొఫెసర్ లెనర్డ్ గేల్. యంత్రాన్ని బాగుచేసి, సొంత కుటుంబం డబ్బు కూడా పెట్టించింది ఆల్‌ఫ్రెడ్ వెయిల్ అనే యువకుడు.

కోడ్ సంగతీ అంతే. మోర్స్ మొదట అనుకున్నది అంకెల పద్ధతి. ఒక్కో మాటకు ఒక్కో నెంబరు, ఆ నెంబర్లకు ఒక పెద్ద నిఘంటువు. 1838 నాటికి అది అక్షరాల పద్ధతిగా మారింది. ఇంగ్లీషులో ఎక్కువగా వాడే అక్షరాలకు చిన్న గుర్తులు, అరుదుగా వాడేవాటికి పొడుగు గుర్తులు. ఇ అక్షరానికి ఒక్క చుక్క, టి అక్షరానికి ఒక్క గీత. ఇందులో వెయిల్ వాటా ఎంత, మోర్స్ వాటా ఎంత అన్నది ఇప్పటికీ తేలని తగువు.

డబ్బు కోసం ఆయన అమెరికా పార్లమెంటు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగాడు. చివరికి 1843లో 30,000 డాలర్ల బిల్లు ప్రతినిధుల సభలో అనుకూలంగా 89, వ్యతిరేకంగా 83 ఓట్లతో గట్టెక్కింది. సెనేట్‌లో సమావేశాల ఆఖరి రాత్రి, మార్చి 3న పాసైంది. 1844 మే 24న వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు, దాదాపు 60 కిలోమీటర్ల తీగ మీద, బైబిల్‌లోని ఒక వాక్యం పరిగెత్తింది. అవతల అందుకున్నది వెయిల్. గుర్రం మీద గంటలు పట్టే దూరం క్షణాల్లోకి కుదించుకుపోయింది.

సుల్తాన్ ఇచ్చిన నిషాన్

మన పాఠకులకు ఆసక్తి కలిగించే సంగతి ఇంకోటుంది. ఇస్తాంబుల్‌లోని బెయ్‌లర్‌బేయీ మహల్లో 1847లో ఈ యంత్రాన్ని ఉస్మానీ సుల్తాన్ అబ్దుల్ మజీద్‌కు చూపించారు. ముచ్చటపడిన సుల్తాన్ మోర్స్‌కు నిషానె ఇఫ్తిఖార్ అనే పతకం పంపించాడు. విదేశీ ప్రభుత్వాల నుంచి ఆయన అందుకున్న గౌరవాల్లో ఇది తొలినాటిది. 1858లో యూరప్ దేశాలు కలిసి ఆయనకు 4 లక్షల ఫ్రాంకులు బహుమానంగా ఇస్తే, అందులో ఉస్మానీ ప్రభుత్వం వాటా కూడా ఉంది. కొన్నేళ్లకే ఈ చుక్కలూ గీతలూ అరబీ లిపి అక్షరాలను కూడా మోయడం నేర్చుకున్నాయి.

ఇక్కడ మోర్స్ జీవితంలోని చీకటి వైపు కూడా చెప్పాలి. ఆయన తోటి మనుషులందరినీ సమానంగా చూసిన వాడు కాదు. అమెరికాకు వలసొచ్చే క్యాథలిక్కుల మీద విద్వేషపు రాతలు రాశాడు. ఆ ఎజెండాతోనే 1836లో న్యూయార్క్ మేయర్ పదవికి పోటీ చేసి చిత్తుగా ఓడిపోయాడు. నల్లజాతి వాళ్ల బానిసత్వం తప్పు కాదని వాదించాడు. ఒక మతం వాళ్లు వచ్చి దేశాన్ని మింగేస్తారని జనాన్ని భయపెట్టడం ఎలా ఉంటుందో మనకు ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. విచిత్రం ఏంటంటే, ఆయన గీసుకున్న గీతల్ని ఆయన చేసిన చుక్కాగీతలు పట్టించుకోలేదు. క్యాథలిక్కుకీ, బానిసత్వం నుంచి బయటపడ్డవాడికీ, ముసల్మానుకీ ఒకే వేగంతో కబురు చేరేశాయి.

చివరి ఏళ్లలో ఆయనకు పేరూ డబ్బూ దక్కాయి. పేటెంటు మీద కేసులు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లాయి. 1854లో కోర్టు ఆయన హక్కును చాలావరకు ఒప్పుకుంది. కరెంటుతో దూరానికి అక్షరాలు పంపే ప్రతి పద్ధతీ తనదే అన్న కోరికను మాత్రం కొట్టేసింది. 1848లో సారా గ్రిస్‌వోల్డ్‌ను రెండో పెళ్లి చేసుకున్నాడు, ఆమెకు వినికిడి లోపం ఉండేది. 1872 ఏప్రిల్ 2న న్యూయార్క్‌లో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

చెవితో వినడం ఎవరు నేర్పారు?

మోర్స్ యంత్రం కబురును కాగితపు పట్టీ మీద గుర్తులుగా గీసేది, ఆపరేటరు దాన్ని కళ్లతో చదవాలి. కొద్ది రోజుల్లోనే ఆపరేటర్లు యంత్రం చేసే టకటక శబ్దం వినే అక్షరాలు పట్టేయడం మొదలుపెట్టారు. రుజువుగా కాగితం ఉండాలనుకున్న కొన్ని కంపెనీలకు ఇది మొదట నచ్చలేదు. చివరికి చెవే గెలిచింది. అసలు ఈరోజు ప్రపంచం వాడే కోడ్ కూడా మోర్స్ చేసింది యథాతథంగా కాదు. 1848లో జర్మనీలో ఫ్రెడ్రిక్ గెర్కె దాన్ని సరిదిద్దాడు. 1865లో పలు దేశాలు దాని ఆధారంగా అంతర్జాతీయ కోడ్‌ను ఖాయం చేసుకున్నాయి. ఈమెయిల్లో వాడే ఎట్ గుర్తును 2004లో చేర్చారు. అంటే ఇది పుట్టినప్పటి నుంచీ మారుతూ వస్తున్న భాషే.

ఇక వాదన సంగతి. తీగ లేకుండా కబురు పంపే రేడియో వచ్చాక మొదట అందులో నడిచింది మోర్సే. అందుకే హ్యామ్ లైసెన్సు కావాలంటే, ముఖ్యంగా దేశాలు దాటి మాట్లాడే షార్ట్‌వేవ్ మీద, మోర్స్ పరీక్ష పాసవ్వాలని అంతర్జాతీయ నియమం ఉండేది. 1999 నాటికి సముద్రం మీది ఓడలు మోర్స్‌ను వదిలేసి ఉపగ్రహ పద్ధతికి మారాయి. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు, మోర్స్ పరీక్ష పెట్టాలో వద్దో ఏ దేశానికి ఆ దేశం తేల్చుకోవచ్చని చెప్పేసింది. బ్రిటన్ ఆ ఏడాదే తీసేసింది. అమెరికా 2007లో తీసేసింది. మన దేశం ఒక్కసారిగా తీసేయలేదు. ఒకప్పుడు పై గ్రేడుకు నిమిషానికి 12 పదాల వేగం అడిగేవాళ్లు, తర్వాత దాన్ని 8కి తగ్గించారు. మోర్స్ లేకుండా రిస్ట్రిక్టెడ్ గ్రేడు ఇచ్చి, పూర్తి హక్కులుండే జనరల్ గ్రేడుకు మాత్రం పరీక్ష ఉంచారు.

పరీక్ష ఉండాలనే వాళ్ల మాటలో బలం ఉంది. మాట్లాడే గొంతును పంపాలంటే రేడియోలో దాదాపు రెండున్నర కిలోహెర్ట్జ్ వెడల్పు కావాలి. మోర్స్‌కు అందులో పదో వంతు కూడా అక్కర్లేదు. శక్తి అంతా సన్నటి దారిలో పోతుంది కాబట్టి, గొంతు హోరులో కలిసిపోయే చోట కూడా ఆ బీప్ చెవికి ఆనుతుంది. రెండు మామిడి చెట్ల మధ్య 20 మీటర్ల తీగ కట్టి, కారు బ్యాటరీతో చిన్న సెట్టు నడిపితే, పరిస్థితులు అనుకూలిస్తే దేశాలు దాటి కబురు పోతుంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు మన కృష్ణా జిల్లాలో వేల ప్రాణాలు పోయాయి, తీగలూ స్తంభాలూ నేలకూలి ఊళ్లకు ఊళ్లు బయటి ప్రపంచానికి దూరమయ్యాయి. అలాంటి రోజు ఏ టవరూ లేకుండా పనిచేసేది ఏదైనా విలువైనదే.

వద్దనేవాళ్ల మాట కూడా తీసిపారేయలేం. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో పంపిన హ్యామ్ బృందం అండమాన్‌లోనే ఉంది. ఫోన్లు పోయిన ఆ దీవుల నుంచి వాళ్లు రేడియో మీద కబుర్లు చేరవేశారు. తమవాళ్లు బతికే ఉన్నారన్న మాట కోసం ఎదురుచూసే కుటుంబానికి అది గొంతుతో వచ్చిందా, చుక్కలతో వచ్చిందా అన్నది పట్టదు. ఎలక్ట్రానిక్స్ బాగా తెలిసి, సేవ చేయాలనే మనసున్న పిల్ల ఒకతె కేవలం చెవి పట్టు దొరక్క పరీక్ష తప్పితే, నష్టం ఆమెకు మాత్రమే కాదు, తుఫాను రోజున ఆ ఊరికి కూడా.

ఇంకో సంగతి కూడా చూడాలి. పరీక్ష తీసేసిన దేశాల్లో మోర్స్ చచ్చిపోలేదు. బలవంతం పోయాక ఇష్టంతో నేర్చుకునేవాళ్లు మిగిలారు. 2014లో జర్మనీ దాన్ని తమ దేశపు సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చుకుంది. ఒళ్లు కదపలేనివాళ్లు ఒక్క మీట నొక్కి మాటలు రాసుకోవడానికి 2018లో గూగుల్ తన ఫోన్ కీబోర్డులో మోర్స్ పెట్టింది. నోరు పెగలని మనిషి ఇంట్లోవాళ్లకు తన మాట చెప్పుకోగలుగుతున్నాడు.

మోర్స్ జీవితం నుంచి ఈ వాదనకు దొరికే కొలబద్ద ఒక్కటే: కబురు వేళకు చేరిందా లేదా? ఆయన అంకెల పద్ధతి అక్షరాలకు దారిచ్చింది, కాగితం చెవికి దారిచ్చింది, తీగ గాలికి దారిచ్చింది. ప్రతిసారీ పాతదాన్ని పట్టుకున్నవాళ్లు అభ్యంతరం చెప్పారు, ప్రతిసారీ చేరిన కబురే గెలిచింది. కాబట్టి మోర్స్‌ను గుమ్మం దగ్గర కాపలా పెట్టి కొత్తవాళ్లను ఆపడం సరికాదు. అలాగని ఇంట్లోంచి గెంటేయడమూ సరికాదు. హ్యామ్ లైసెన్సు పరీక్ష మన దేశంలో 12 ఏళ్లు నిండిన ఎవరైనా రాయొచ్చు. మన పిల్లలు ముందు రేడియో పట్టుకోనివ్వండి, గొంతుతోనే మొదలుపెట్టనివ్వండి. ఆ తర్వాత ఆ 26 అక్షరాలూ పది అంకెలూ కూడా నేర్చుకొమ్మని చెప్పండి. కరెంటు పోయి, టవర్లు పడిపోయి, ఒక ఇంటి కబురు ఇంకో ఇంటికి జనాజా లేచేలోపు చేరాల్సిన రాత్రి ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.