పరీక్ష తప్పిన గణితశాస్త్రజ్ఞుడు: శ్రీనివాస రామానుజన్ జీవితము

ప్రతి సంవత్సరమును వేసవిలో పరీక్షాఫలితములు వెలువడు దినమున పాఠశాల ఆవరణము సందడిగా నుండును. ఉత్తీర్ణులైనవారు గుంపులుగా వచ్చి ఉపాధ్యాయులకు నమస్కరించి, తాము చేరదలచిన కళాశాలల పేర్లు చెప్పి పోవుదురు. తప్పినవారు రారు. ఇరువది సంవత్సరములకు పైగా ఈ వృత్తియందున్న నాకు వచ్చినవారికంటె ఆ రానివారిని గూర్చిన తలంపే ఎక్కువగా కలుగుచుండును. వారు ఏ చెట్టుక్రింద కూర్చుండిరో, ఇంట నేమి మాటలు పడుచుండిరో, ఏ దారి పట్టి పోవదలచిరో యని మనస్సు కలత చెందును. పరీక్ష తప్పుటచే కళాశాల చదువు చేజారిన ఒక బాలుని కథ అట్టివారికొరకే యిచ్చట వ్రాయుచున్నాను. విద్యార్థులారా! ఆ బాలుని పేరు మీరందరును విన్నదే.

శ్రీనివాస రామానుజన్ 1887 సంవత్సరము డిసెంబరు 22వ తేదీన ఈరోడు పట్టణమున మాతామహుల యింట జన్మించెను. పెరిగినది తంజావూరు మండలమందలి కుంభకోణమున. తండ్రి శ్రీనివాస అయ్యంగారు ఒక బట్టల వర్తకునియొద్ద గుమాస్తా. తల్లి కోమలతమ్మాళ్ దృఢచిత్తురాలు. దేవాలయమున భజనకీర్తనలు పాడుచుండెడిది. కుటుంబము గౌరవమైనదే కాని కలిమి లేదు. 1897లో ప్రాథమిక పరీక్షయందు రామానుజుడు మండలమున ప్రథముడుగా నిలిచి, మరుసటి సంవత్సరము కుంభకోణము టౌను హైస్కూలులో చేరెను. లోనీ దొర వ్రాసిన త్రికోణమితి గ్రంథమును పదుమూడేండ్ల ప్రాయముననే యితడు ఒరుల సహాయము లేక సాధించెను. 1904లో పాఠశాల విడుచునప్పుడు గణితమునందు బహుమానము పొందెను. అంతవరకు ఈ బాలుని జీవితము ఏ ఉపాధ్యాయుడైనను గర్వించునట్టిదే.

ఇంతలో ఒక గ్రంథము అతని చేతికి వచ్చెను. అది కార్ అను ఆంగ్లేయుడు రచించిన గణితఫలితముల సంగ్రహము. కొన్ని వేల సూత్రములు అందు వరుసగా నుండెను; వానికి ఉపపత్తులు మాత్రము మిక్కిలి క్లుప్తము. చదువరులకు నీరసమని తోచు నట్టి పుస్తకము పదునారేండ్ల రామానుజునకు నిధివలె కనబడెను. సూత్రము వెంట సూత్రమును తానే నిరూపించుకొనుచు, అందు లేనివానిని కనుగొనుచు, వానిని నోటుపుస్తకములలో వ్రాసికొనుచు పోయెను. ఆ పుస్తకమే అతనికి మహోపకారమును చేసెను. ఆ పుస్తకమే చిక్కును తెచ్చెను.

విద్యార్థివేతనముతో కుంభకోణము ప్రభుత్వ కళాశాలలో అతడు ఎఫ్. ఏ. తరగతియందు చేరెను. ఆ తరగతికి గణితము ఒక్కటియే కాదు. ఆంగ్లము, సంస్కృతము, శారీరశాస్త్రము, గ్రీకు రోము దేశముల చరిత్ర కూడ చదువవలెను. రామానుజుడు తరగతిలో కూర్చుండియు, ఉపాధ్యాయుడు ఏ పాఠము చెప్పుచున్నను, తన లెక్కలే చేసికొనుచుండెను. ఫలితము తెలిసినదే. తక్కిన విషయములలో వెనుకబడి పై తరగతికి పోజాలకపోయెను, విద్యార్థివేతనము పోయెను. బీదకుటుంబమున వేతనము పోవుటయనగా చదువు పోవుటయే.

1905వ సంవత్సరమున, పదునేడేండ్ల బాలుడు సిగ్గు భరింపలేక ఇంట నెవ్వరికిని చెప్పక వెడలిపోయెను. అతడు చేరినది మన తెలుగుదేశమందలి విశాఖపట్టణము. కుమారుడు కానరాక తల్లిదండ్రులు తల్లడిల్లిరి. కొంతకాలమునకు అతడు తిరిగివచ్చి కళాశాలలో మరల చేరెను కాని, దినములు చాలనందున హాజరు ధ్రువపత్రము లభింపలేదు. పరీక్ష తప్పుట ఒక నష్టము; పారిపోవుట రెండవ నష్టము. మొదటిదానిచే వేతనము పోగా, రెండవదానిచే సంవత్సరమే పోయెను. ఇది చదువరులు గమనింపదగిన విషయము.

1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి మరల ప్రయత్నించెను. అచ్చట జబ్బుపడి కుంభకోణమునకు మరలిపోవలసి వచ్చెను. 1907 డిసెంబరులో కళాశాలకు చెందక ప్రత్యేకముగా పరీక్షకు కూర్చుండి మరల తప్పెను. దానితో విశ్వవిద్యాలయపు ద్వారములు మూసికొనిపోయెను. పట్టము లేదు, ఉద్యోగము లేదు, ధనము లేదు. పిల్లలకు ఇంటివద్ద చదువు చెప్పి నాలుగురూకలు సంపాదింపజూచెను కాని, అదియు సరిగా సాగలేదు. 1909లో, ఆ కాలపు ఆచారము ననుసరించి, పదియేండ్ల బాలికయగు జానకితో వివాహమయ్యెను. ఇక సంసారభారము కూడ తలపై పడెను.

అతడు మానని పని ఒక్కటి కలదు. ఇంటి అరుగుపై కూర్చుండి పలకమీద లెక్కలు చేయుచు, మోచేతితో తుడిచివేయుచు, ఫలితములను మాత్రము నోటుపుస్తకములో ఎక్కించుచుండెను. కాగితము కొనుటకు డబ్బు చాలదు గనుక పలకయే శరణ్యమయ్యెను. ఎవ్వరును అడుగలేదు; ఎవ్వరును మార్కు లీయలేదు. ఆ సంవత్సరములలో వ్రాసిన నోటుపుస్తకములే పిమ్మట అతనికి యోగ్యతాపత్రము లయ్యెను.

1910లో అతడు చేసిన కార్యము ఆతని జీవితమును మరల్చెను. నోటుపుస్తకములు చంకనిడుకొని తిరుక్కోయిలూరు వెళ్లి, అచ్చటి డిప్యూటీ కలెక్టరగు వి. రామస్వామి అయ్యరును దర్శించి, ఒక చిన్న గుమాస్తాపని యిప్పింపుమని వేడుకొనెను. ఆ అధికారి 1907లో భారత గణితశాస్త్ర సంఘమును స్థాపించినవాడు. పుస్తకములు తిరుగవేసి చూచి, ఇట్టి బుద్ధిని తాలూకా కచ్చేరిలో అణచివేయుట తగదని తలంచి, మద్రాసులోని గణితజ్ఞులకు జాబులు వ్రాసి పంపెను. కుంభకోణమున తనను ఎరిగిన శేషు అయ్యరు మూలమున రామానుజుడు నెల్లూరు కలెక్టరుగా నుండిన దివాన్ బహదూర్ రామచంద్రరావుగారి దర్శనము చేసెను. వారును గణితప్రియులే. మొదట వారికి నమ్మకము కలుగలేదు. పలుమారులు మాటలాడిన పిదప ఈ యువకుని యోగ్యత వారికి విశదమయ్యెను. నెలకు 25 రూపాయల చొప్పున తమ సొంతధనమునుండి యిచ్చుచు కొంతకాలము పోషించిరి. 1911లో బెర్నూలి సంఖ్యలను గూర్చిన రామానుజుని మొదటి వ్యాసము ఆ సంఘపు పత్రికలో అచ్చుపడెను.

ఊరక ఒకరి ధనము తినుట రామానుజునకు ఎక్కువకాలము ఇష్టము లేకపోయెను. 1912 మార్చి 1వ తేదీన మద్రాసు పోర్టుట్రస్టు కచ్చేరిలో లెక్కల గుమాస్తాగా నెలకు 30 రూపాయల జీతముపై చేరెను. విశ్వవిద్యాలయము తిరస్కరించిన మహామేధావి ఓడరేవు కచ్చేరిలో చిల్లరలెక్కలు వ్రాసెను! ఇది అతడు అవమానమని తలంపలేదు. పగలు జీతపుపని, రాత్రి గణితము. అచ్చటి ప్రధాన గణకుడు నారాయణ అయ్యరు, ఛేర్మనగు సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు దొర అతనికి అండగా నుండిరి.

1913 జనవరి 16వ తేదీన రామానుజుడు కేంబ్రిడ్జిలోని హార్డీ అను గణితాచార్యునకు ఒక లేఖ వ్రాసెను. తాను పట్టభద్రుడు కానని దాచలేదు. తన సిద్ధాంతములను మాత్రము వరుసగా వ్రాసి పంపెను. అంతకు పూర్వము వేరు పండితులకు వ్రాసిన లేఖలు ఫలింపలేదు. హార్డీయు ఆయన మిత్రుడు లిటిల్‌వుడ్డును ఆ కాగితములను పరిశీలించి, ఇవి మహాగణితజ్ఞుడు తప్ప అన్యుడు వ్రాయజాలడని నిశ్చయించిరి. అదే సంవత్సరమున మద్రాసు విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధకవేతనమును అతనికి మంజూరు చేసెను. ఆ వేతనము పొందుటకు యం. ఏ. పట్టము కావలెనని నియమము. రామానుజుని విషయమున నియమమును సడలించిరి. ఎఫ్. ఏ. పరీక్షలో తప్పించిన విశ్వవిద్యాలయమే పరిశోధకునిగా నంగీకరించెను!

1914 మార్చి 17న ఓడయెక్కి అతడు ఇంగ్లండునకు పోయెను. ట్రినిటీ కళాశాలలో హార్డీతో కలిసి పనిచేసి, 1916లో పరిశోధనమూలముననే బి. ఏ. పట్టము పొందెను. సంఖ్యల విభజనమును గూర్చి వారిరువురు 1918లో ప్రకటించిన సిద్ధాంతము ప్రసిద్ధము. నాలుగు అను సంఖ్యను కూడికగా అయిదు విధముల వ్రాయవచ్చును: 4; 3+1; 2+2; 2+1+1; 1+1+1+1. ఇది పిల్లవాడును చేయగలడు. పదింటిని 42 విధముల వ్రాయవచ్చును. నూరింటిని 19,05,69,292 విధముల వ్రాయవచ్చును. ఇట్టి లెక్కను ఒక్కొక్కటిగా వ్రాయకయే తెలిసికొను మార్గమును వారు చూపిరి. 1918లోనే అతడు రాయల్ సొసైటీ సభ్యుడును, ట్రినిటీ కళాశాల ఫెలోవును అయ్యెను. ఆ కళాశాలలో ఫెలో అయిన మొదటి భారతీయు డతడే.

అయితే దేహము లొంగిపోయెను. యుద్ధకాలపు ఇంగ్లండున చలిలో, శాకాహారము సరిగా దొరకక, విశ్రాంతి లేక శ్రమించుటచే 1917లో జబ్బుపడెను. 1919 మార్చిలో స్వదేశమునకు తిరిగివచ్చెను. రోగశయ్యమీదనే గణితము సాగించి, 1920 ఏప్రిల్ 26వ తేదీన మద్రాసు చేట్‌పట్టులో ముప్పదిరెండేండ్ల ప్రాయమున కాలధర్మము నొందెను. తుదిదినముల కాగితములు ట్రినిటీ గ్రంథాలయమున మరుగుపడియుండగా, 1976లో ఆండ్రూస్ అను అమెరికా గణితజ్ఞుడు వానిని కనుగొనెను. పండితులు వానిపై పనిచేయుచునే యున్నారు. అతని జన్మదినమును 2012 మొదలు మనదేశమున జాతీయ గణితదినోత్సవముగా జరుపుచున్నారు. మద్రాసు విశ్వవిద్యాలయమున ఉన్నతగణితవిద్యకై వెలసిన సంస్థ నేడు అతని పేరనే యున్నది.

ఈ కథ విని కొందరు, పరీక్ష తప్పుటయే గొప్పతనమునకు దారియని తలంచెదరేమో! అది పొరపాటు. అతనిని బాగుగా నెరిగిన హార్డీ పండితుడు, రామానుజుని జీవితమున నిజమైన విషాదము అకాలమరణము కాదనియు, యౌవనమున వ్యర్థమైన ఆ అయిదారు సంవత్సరములే యనియు భావించెను. గురువు లేక, గ్రంథములు లేక, ఐరోపాలో ఎన్నడో కనుగొన్న విషయములనే అతడు మరల కనుగొనుచు కాలము గడపెను. తక్కిన పాఠములను కొంచెము ఓర్చుకొని చదివియుండినచో ఆ కాలము మిగిలియుండెడిది. ఒక్క విషయమునకు కొంచెమైనను సందిచ్చు నియమము ఉండియుండినచో విశ్వవిద్యాలయమునకును ఆ అపకీర్తి తప్పెడిది. తప్పు ఇరువైపుల కలదు. ఇది విద్యార్థులకే కాక మావంటి ఉపాధ్యాయులకును పాఠమే.

కావున, ఈ యేడు ఫలితము ప్రతికూలమైనవారలారా! ముందుగా ఇంటికి పొండు. తల్లిదండ్రులకు మీనోటనే చెప్పుడు. వారి కోపము ఒక రాత్రి యుండును. మీరు కానరాకున్నచో వారి దుఃఖమునకు మేర యుండదు. పిమ్మట మీ ఉపాధ్యాయునియొద్దకు రండు. రామానుజుని కాలమున లేని సదుపాయములు మీకు కలవు: కొన్ని వారములలోనే మరల వ్రాయదగు సప్లిమెంటరీ పరీక్ష కలదు, కోరిన కళాశాల దొరకనిచో వేరు కళాశాల, వేరు విద్య కలవు. జీవనోపాధికై చిన్నపని చేయవలసివచ్చినను సిగ్గుపడకుడు. మీ చేతనైన విద్య నొకదానిని విడువక, దానిని ఎరిగినవారికి చూపుడు. చూపనిదే ఎవ్వరికిని తెలియదు.

తుదకు ఒక్కమాట. 1918 డిసెంబరులో, ఇంగ్లండున రోగియైయున్న రామానుజునకు మద్రాసు విశ్వవిద్యాలయము ఏటికి 250 పౌనుల వేతనమును ప్రకటించెను. అతడు కృతజ్ఞత తెలుపుచు, ఆ మొత్తము తన యవసరములకు మించినదనియు, తన తల్లిదండ్రులకును తనకును కావలసినది పోగా మిగిలినదానిని బీదబాలురకును అనాథలకును పాఠశాలజీతములు తగ్గించుటకు, పుస్తకములు సమకూర్చుటకు వినియోగింపవలెననియు ప్రత్యుత్తరము వ్రాసెను. వేతనము పోయి వీధిన పడిన బాలుడు పదునాలుగేండ్ల తరువాతను ఆ దినమును మరువలేదు. తాను కార్చిన కన్నీరు మరియొక బాలుడు కార్చరాదని కోరెను. అతని సిద్ధాంతములు మనలో అందరికిని అర్థము కాకపోవచ్చును. ఈ కోరిక అర్థము కానివాడు మన పాఠశాలలో ఒక్కడును ఉండడు.