ఆపరేషన్ సక్సెస్.. అయినా పేషెంట్ చనిపోయేవాడు! ఆ రోజుల్ని మార్చిన డాక్టర్ జోసెఫ్ లిస్టర్ కథ ఇదీ

పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయ్యాక ఇంట్లోవాళ్లకు ఒకటే టెన్షన్. గడ్డ తీసేశారు సరే, కుట్లు చీము పట్టకుండా మానతాయా? పేగుల్లో బ్యాక్టీరియా విపరీతంగా ఉంటుంది కాబట్టి ఈ సర్జరీల్లో ఇన్ఫెక్షన్ ముప్పు ఎక్కువే. చీము పట్టకుండా ఆపొచ్చని ఆపరేషన్ థియేటర్లో చేసి చూపించిన డాక్టర్ జోసెఫ్ లిస్టర్. ఎవరీయన? తెలుసుకుందాం.

1827 ఏప్రిల్ 5న ఇంగ్లండ్‌లోని ఎసెక్స్‌లో లిస్టర్ పుట్టారు. తండ్రి వైన్ వ్యాపారి. మైక్రోస్కోప్ లెన్సులను మెరుగుపరిచింది కూడా ఆయనే. 1851లో లండన్‌లో హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు, భర్త కత్తితో పొడవడంతో పేగు బయటికొచ్చేసిన ఓ మహిళ వచ్చింది. లిస్టర్ పేగుకు కుట్లేశారు. ఆమె బతికింది. అప్పట్లో కడుపులో గాయమంటే దాదాపు ఆశలు వదులుకోవడమే.

మత్తుమందు 1846లోనే వచ్చేసింది. నొప్పి పోయింది, చీము మాత్రం పోలేదు. డాక్టర్లు రక్తం మరకల కోట్లతోనే ఒక పేషెంట్ నుంచి ఇంకో పేషెంట్ దగ్గరికి వెళ్లేవాళ్లు. గాయం కుళ్లడానికి చెడుగాలే కారణమని నమ్మేవాళ్లు. గ్లాస్గోలో కాళ్లు, చేతులు తీసేసిన 35 మందిలో 16 మంది చనిపోవడం లిస్టర్ కళ్లారా చూశారు.

ఆ టైమ్‌లోనే సూక్ష్మక్రిములపై పాశ్చర్ పరిశోధనలు ఆయన కంటపడ్డాయి. అసలు దోషి క్రిమే అయితే, గాయంలోకి రాకముందే చంపేస్తే? కార్లైల్ ఊళ్లో మురుగు వాసన పోగొట్టడానికి వాడుతున్న కార్బాలిక్ యాసిడ్‌ను ఎంచుకున్నారు. 1865 ఆగస్టులో బండి చక్రం కింద పడి కాలు విరిగిన 11 ఏళ్ల బాబుకు ఆ కట్టు కట్టారు. చీము పట్టలేదు. ఆరు వారాల్లో ఎముక అతుక్కుంది.

1867లో రొమ్ము క్యాన్సర్ వచ్చిన సొంత సోదరికే ఆపరేషన్ చేశారు. గాయం శుభ్రంగా మానింది. ఆమె ఇంకొన్నేళ్లు బతికారు. కొత్త పద్ధతి మొదలయ్యాక అవయవాలు తీసేసిన 40 మందిలో చనిపోయింది ఆరుగురే.

అయినా చాలామంది సీనియర్లు వెంటనే ఒప్పుకోలేదు. కార్బాలిక్ చేతులను కాల్చేసేది కూడా. గాల్లో కొట్టే స్ప్రే అక్కర్లేదని తర్వాత లిస్టరే దాన్ని ఆపేశారు. 1912 ఫిబ్రవరి 10న ఆయన కన్నుమూశారు. లిస్టరిన్ మౌత్‌వాష్‌కు ఆ పేరు ఈయన మీదే పెట్టారు!

ఇప్పుడు పేగు సర్జరీకి ముందే యాంటీబయాటిక్ ఇస్తారు, చర్మం శుభ్రం చేస్తారు, పరికరాలను స్టెరిలైజ్ చేస్తారు. అయినా రిస్క్ జీరో కాదు. ఇంటికొచ్చాక కుట్ల దగ్గర ఎరుపు, వాపు, చీము, పెరిగే నొప్పి, జ్వరం.. ఏది కనిపించినా సొంత వైద్యం వద్దు. వెంటనే ఆపరేషన్ చేసిన డాక్టర్‌కు చూపించండి.