ఇంటింటికి దైవమును పంపిన చిత్రకారుడు

మల్కాజ్‌గిరిలో గాని సికింద్రాబాదు పాతవీధులలో గాని పెద్దలనాటి యింటి పూజాగూటిని పరికించినచో, తామరపూవుపై నిలిచిన లక్ష్మియో, వీణ చేబూనిన సరస్వతియో అద్దపు చట్రమున దర్శనమిచ్చుట సామాన్యము. ఆ రూపములు అనాదిగా నున్నవని మనము తలంతుము. కాని ఆ చీరకట్టును, ఆ చూపును, ఆ నిలుకడను మన యిండ్లకు తెచ్చినవాడు ఒక మానవుడు. ఆయనయే రాజా రవివర్మ.

రవివర్మ 1848వ సంవత్సరము ఏప్రిలు 29వ తేదీన తిరువాన్కూరు సంస్థానములోని కిలిమానూరున జన్మించెను. తల్లి ఉమయాంబ కవయిత్రి. తంజావూరు పద్ధతిని చిత్రములు వ్రాయు మేనమామ రాజరాజవర్మ ఆయనకు తొలి గురువు. ఈ తంజావూరు పద్ధతి మనకు పరాయిది కాదు. అచట స్థిరపడిన తెలుగు రాజులును నాయుళ్లును కొయ్యపలకపై బంగారురేకును రాళ్లను అదికి దేవతామూర్తులను రచించుచుండిరి. ఆ మూర్తి గృహస్థుని పూజకు తగినదే. కాని బంగారు పొదిగిన పలకను కొనగల పేద యెవడు?

1868లో థియోడర్ జెన్సెన్ అను ఐరోపా చిత్రకారుడు తిరువనంతపురమునకు రాగా, అతడు వ్రాయుచుండ చూచియే రవివర్మ తైలవర్ణముల మర్మమును చాలవరకు గ్రహించెను. 1870లో చిత్రకళనే వృత్తిగా గైకొనుటకు ముందు కొల్లూరు మూకాంబికా సన్నిధిని 41 దినములు వ్రతము సలిపెనని ఆయన చరిత్రకారులు చెప్పుదురు. 1873లో వియన్నా ప్రదర్శనమున ఆయన చిత్రము బహుమతి నందెను. 1888లో బరోడా మహారాజు సయాజీరావు గాయక్వాడు పురాణేతిహాస ఘట్టములు 14 చిత్రించి యిమ్మని కోరగా, రవివర్మ తమ్ముడగు రాజరాజవర్మతో ఉత్తరదేశమెల్ల తిరిగి వేషభాషలను పరిశీలించి ఆ పని నెరవేర్చెను. 1893లో చికాగో ప్రదర్శనమునకు పంపిన 10 చిత్రములకును మన్నన లభించెను.

ఇంతటితో ఆగినచో ఆయన రాజాస్థానముల చిత్రకారుడుగనే మిగిలియుండును. బరోడా చిత్రములను బహిరంగముగా ప్రదర్శించినపుడు విరుగబడి వచ్చిన జనమును చూచినవారికి ఒక సత్యము బోధపడెను. ప్రజలు అచ్చటికి వచ్చినది కళావిమర్శకు కాదు, దర్శనమునకు. చిత్రములను ఐరోపాకు పంపి అచ్చొత్తించి యెల్లరకు అందింపుమని అంతకు మునుపే దివాను సర్ టి. మాధవరావు ఆయనకు సలహా యిచ్చియుండెను. రవివర్మ మరియొక అడుగు ముందుకు వైచి 1894లో బొంబాయిలో స్వంత ముద్రణాలయమును స్థాపించెను. యంత్రములును పనివారిలో కొందరును జర్మనీనుండి వచ్చిరి. ఆ ముద్రణ సులభమైనది కాదు. ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క రాయి. రాతిపై బొమ్మను తారుమారుగా లిఖింపవలెను. కాగితమును ఒక రాతి తరువాత మరియొక రాతిపై వెండ్రుకవాసి తొలగకుండ ఒత్తవలెను. తుదకు మెరుగునూనె పూయగా అది తైలచిత్రమువలె భాసించును.

ఆ కాగితము చేసిన పని గొప్పది. దేవాలయద్వారము ఆ దినములలో అందరకు తెరచియుండలేదు. ఆయన జన్మించిన తిరువాన్కూరులోనే 1936 వరకు, మద్రాసు రాజధానిలో పెక్కుచోట్ల 1947 నాటి శాసనము వరకు, హరిజనులు గుడి వెలుపలనే నిలువవలసి వచ్చెను. రవివర్మ లక్ష్మి కులమడుగలేదు. సంతలో స్వల్పమూల్యమునకు లభించి, గుడిసె గోడకును మేడ గోడకును సమముగా అలంకారమయ్యెను. గృహిణులు ఆ పటములకు చెమ్కీలు, జరీపేలికలు అంటించి తల్లికి చీరకట్టినట్లు మురిసిరి. మన తెలంగాణమున చేర్యాల నకాషీల పటములును ఊరూర తిరిగినవే. కాని కథకుడు కథ ముగించి పటమును చుట్టుకొని పోవును. ఈ పటము ఇంటనే నిలిచినది.

మంచము పట్టిన రోగికి గుడి దూరము. అట్టివానికి కన్నులెదుట నిశ్చలముగా నిలిచిన ప్రసన్నముఖము మనస్సును కూడగట్టును. చిత్రము వ్యాధిని మాన్పునని మేము చెప్పము, ఔషధము వైద్యునిది. కాని భయమునకు మందు ధైర్యమే గదా! ధైర్యమునకు చూపు నిలుపుకొనదగిన చోటొకటి కావలెను.

ఈ ఉపకారము చేసినవానికి దక్కినది అప్పు. 1896లో బొంబాయిని మహామారి ముట్టడించెను. 1899లో ముద్రణాలయమును లోనావలా చెంత మలవలీకి తరలించిరి. నష్టములు తీరక, దానిని తుదకు అందు పనిచేసిన జర్మను నిపుణుడు ష్లైషర్‌నకు విక్రయింపవలసి వచ్చెను. ప్రజల యిండ్లలో వెలసిన దేవతలు చిత్రకారుని యింట సిరులు కురియలేదు.

1902లో అన్నదమ్ములు హైదరాబాదునకు వచ్చి, సికింద్రాబాదున ఛాయాచిత్రశాల నడపిన రాజా దీన్‌దయాళునకు అతిథులైరి. పిమ్మట మూడేండ్లకే, 1905లో, తమ్ముడును దీన్‌దయాళును గతించిరి. 1906 అక్టోబరు 2వ తేదీన రవివర్మయు కిలిమానూరున కన్నుమూసెను.

స్వదేశీయోద్యమపు వేడిలో కుమారస్వామివంటి విమర్శకులు ఆయన చిత్రములయందు పరదేశపు పోకడలను ఎత్తిచూపిరి. దేవతలు నాటకపాత్రలవలె నున్నారనిరి. ఆ విమర్శలో సత్యము లేకపోలేదు. జర్మను యంత్రముపై అచ్చయిన లక్ష్మి స్వదేశి యెట్లగునని అడుగుటయు న్యాయమే. కాని కళ యెవరి యింట నిలిచెను, ఎవరి కన్నీటిని చూచెను అను ప్రశ్నయు అంతే న్యాయమైనది. ద్వారము మూసిన పూజారికి బదులుగా దైవమునే గడప దాటించి పంపిన చేతిని జాతి మరువరాదు.

నేడు పాత పటములు వెలిసిపోయినవని అటకకెక్కించుచున్నాము. చదువరులారా, వానిని పారవేయుటకు ముందు ఒక్కమారు వెలుతురున నిలిపి చూడుడు. మీ అవ్వ జ్వరపడిన బిడ్డను ఒడిలో నుంచుకొని రాత్రియెల్ల చూచిన ముఖము అదియే కావచ్చును.