దంతవైద్యుడు పియెర్ ఫోషార్

మన బీదరులో బిద్రీ పనివారు లోహపాత్రపై ఉలితో గాడి చెక్కి, అందులో వెండితీగను సుత్తితో కొట్టి కూర్చుట మీరు చూచియే యుందురు. జిగురు లేకయే ఆ తీగ నిలుచును. పుచ్చిన పంటి గుంటను పూడ్చుటయు ఒకప్పుడు ఇట్టి పనియే. ఆ విద్యను శాస్త్రమార్గమున నిలిపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశీయుడగు పియెర్ ఫోషార్.

ఆయన బాల్యముననే నౌకాదళమున చేరి వైద్యము నేర్చెను. స్కర్వీ వ్యాధిచే నావికుల చిగుళ్లు చెడి పండ్లూడుట అచ్చటనే చూచెను. పిదప ఆంజే పట్టణమునను, తర్వాత పారిసులోను వైద్యము సాగించెను.

ఆ కాలపు దంతవైద్యులు తమ విద్యను దాచుకొనెడివారు. ఫోషార్ 1728లో రెండు సంపుటముల గ్రంథమున తన విద్యనంతయు వెల్లడించెను. మాకు ఆయనయందు గౌరవము కలిగించినది ముఖ్యముగా ఇదియే. పిప్పిపంటిలో పురుగుండునని లోకము నమ్ముచుండగా, సూక్ష్మదర్శినితో వెదకి, తనకు కనబడలేదని తెలిపెను. ఆ పురుగు మాట మన ఇండ్లలో నేటికిని వినబడుచునే యున్నది!

చీము పట్టిన పంటిని తొలిచి, చీము వెడలించి, సీసపు రేకుతోనో తగరపు రేకుతోనో గుంటను కూరెడివాడు. ఆ రేకు పంటికి అంటుకొనదు, బిగువుచేతనే నిలుచును. సందు మిగిలినచో ఉమ్మియు క్రిములును లోనికి చొరబడును.

ఆయన 1761లో మరణించెను. 1955లో అమెరికాలో బ్యూనొకోర్ అను శాస్త్రజ్ఞుడు పంటి పైపొరను ఆమ్లముతో గరుకు చేసి, పూతను అంటించు మార్గము చూపెను. కాని వేరులోని సన్నని నాళమున అట్టి పట్టు నేటికిని కష్టసాధ్యమే. అచ్చట నింపు గట్టాపెర్చా యను చెట్టుపాల పదార్థము తనంతట పంటికి అంటదు. నడుమ వేరొక లేపనము కావలెను.